నాతవరపమ్మ అసలు పేరు

ఈ మాటలు ఎప్పుడో రాయాల్సింది. నేను ఉద్యోగం వదిలి ఇంట్లో కూర్చున్న కొత్తలోనే, ఆఫీసులో నాతో పనిచేసిన పావని గారు ఫోన్ చేసి, "మీరు చూసినవి రాయండి రమణమ్మ గారూ, కొత్తగా చేరే పిల్లలకు పనికొస్తాయి" అన్నారు. రాయలేకపోయాను. బద్ధకం కాదు. నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. చిన్నప్పుడు మా ఊళ్లో బడి ఉండేది గానీ, ఆ బడి గంట కొట్టే వేళకు నేను తోటలో జీడిపిక్కలు ఏరుతూ ఉండేదాన్ని. పెద్దయ్యాక చదవడం వచ్చింది. కార్డు మీద పేరు రాయడం వచ్చింది. వాక్యం వెనక వాక్యం పెట్టుకుంటూ పేజీ నింపడం మాత్రం వేరే విద్య. ఒత్తు దగ్గర చెయ్యి ఆగేది. ఆగిన చోటే చెప్పాల్సింది జారిపోయేది. కొంచెం కొంచెం రాసి, చింపి, మళ్లీ రాసి, ఇప్పటికి చెయ్యి మాటతో పాటు నడుస్తోంది. అందుకే ఇంత ఆలస్యం.

ఎరువుల కొట్టు మీద ఆఫీసు

నేను పనిచేసింది జీవిత చరిత్రల నిఘంటువు ఆఫీసులో. దేశం మొత్తానికి కలిపి చేస్తున్న పుస్తకం అది. ఒక్కో భాషకు ఒక జట్టు, ఒక్కో ప్రాంతానికి ఒక కేంద్రం. మా కేంద్రం నర్సీపట్నంలో బస్ కాంప్లెక్స్ వెనక సందులో, ఎరువుల కొట్టు మీద రెండు గదులు. వానాకాలం మెట్లెక్కుతుంటే యూరియా ఘాటు ముక్కుకు తగిలేది. నేను అక్కడ అటెండర్ని. ఊడ్చేదాన్ని, టీ పెట్టేదాన్ని, మనిషికొక కార్డు చొప్పున పేర్లు వరసగా పెట్టిన డ్రాయర్లు దించి ఎక్కించేదాన్ని.

మామూలు నిఘంటువులో మాట కింద అర్థం ఉంటుంది. మా పుస్తకంలో మనిషి పేరు కింద ఆ మనిషి బతుకు ఉంటుంది. ఎక్కడ పుట్టారు, ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు, ఏం చేశారు, ఎప్పుడు పోయారు. కొందరికి పేజీ వస్తుంది, చాలామందికి పది వరసలు. పొగడ్త ఉండదు. ఎవరైనా "మహానుభావుడు" అని రాస్తే మా సంపాదకులు రాజారావు గారు ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. "ఏం చేశాడో రాయండి. మహానుభావుడో కాదో చదివేవాడు చూసుకుంటాడు" అనేవారు.

రాజారావు గారు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరై వచ్చినాయన. గొంతు పెంచేవారు కాదు గానీ, నియమం దగ్గర రాయి. పోయినవాళ్లనే పుస్తకంలో వేయాలి. బతికున్న మనిషి రేపు ఏం చేస్తాడో ఎవరికి తెలుసు అని ఆయన వాదన. ఒక్క నోటి మాట రాయకూడదు. ఒకరికొకరు సంబంధం లేని రెండు నోళ్లు అదే మాట చెప్పాలి. ఒకే ఇంట్లో పదిమంది చెప్పినా ఆయన లెక్కలో అది ఒక్క నోరే. రాసింది మూసేసే ముందు ఆ మనిషి ఊరు వెళ్లి, ఇంటివాళ్లకు చదివి వినిపించాలి. కొత్తవాళ్లకు ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది. నాకూ కనిపించింది.

ఊళ్లు తిరిగి వివరాలు తెచ్చేది పావని గారు. విశాఖలో చదువుకున్న అమ్మాయి. చేతిలో రికార్డర్‌తో వీధిలోకి వెళ్తే ఆడవాళ్లు మంచినీళ్లు ఇచ్చేవాళ్లు, కుర్చీ వేసేవాళ్లు, మాట మాత్రం దాచుకునేవాళ్లు. "మీరూ తోడు వెళ్లండి" అని రాజారావు గారు నన్ను పంపారు. నేను చేసింది పెద్దదేం కాదు. వాళ్లు చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన కూర్చుని నేనూ ఒలిచేదాన్ని. ప్రశ్నలన్నీ పావని గారివే, మంచి ప్రశ్నలు. చేతులు పనిలో పడితే జవాబు సులువుగా వస్తుంది, అంతే.

అక్షరాలు నేర్పింది కూడా ఆవిడే. ఒకరోజు డ్రాయర్లు తుడిచి తిరిగి పెడుతుంటే కొన్ని కార్డులు కింద పడ్డాయి. ఏది ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వచ్చి, "తప్పు చోట పెడితే ఆ మనిషి మళ్లీ ఎవరికీ దొరకరు. రండి, ఇద్దరం పెడదాం" అన్నారు. ఆ రోజు అ, ఆ, ఇ వరకు అయ్యాయి. తర్వాత షేర్ ఆటోల్లో దారి పొడుగునా కొట్ల బోర్డులు చదివించేవారు. సిమెంటు కొట్టు, టైర్ల కొట్టు, టిఫిన్ సెంటరు. నా వాచకం అదే.

హల్వా డబ్బా

మా పుస్తకంలో ఇంటిపేరుతో కాదు, సొంత పేరుతో వరస. ఆ వరస ఎంత గట్టిదో నాకు నీలాద్రి గారి అబ్బాయి వచ్చిన రోజు తెలిసింది.

నీలాద్రి గారు పెద్ద రైతు. ఊరికి రైస్ మిల్లు పెట్టారు, బడికి స్థలం ఇచ్చారు. పుస్తకంలో ఉండదగ్గ మనిషే. ఆయన కొడుకు తెల్లచొక్కా వేసుకుని, మాడుగుల హల్వా డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"మాస్టారూ, మా నాన్నగారిది ముందు పేజీల్లో రావాలండి."

"న దగ్గర వస్తారండి. నీలాద్రి కదా."

"పోనీ, పక్కన ఎవరొస్తారు?"

రాజారావు గారు డ్రాయర్ లాగి చూశారు. "ప్రస్తుతానికి ముందు నారాయుడు. డప్పు కొట్టేవాడు. వెనక ఎవరూ ఇంకా రాలేదు."

"డప్పు నారాయుడా? ఆడి పక్కనేటండీ మా నాన్న! కొంచెం అటూ ఇటూ జరపండి."

"ఎటు జరపమంటారు? 'నీ' అక్షరం 'నా' తర్వాతే కదండీ. నేను జరిపితే రేపు మీ నాన్నగారి కోసం వెతికేవాళ్లకు ఆయన దొరకరు."

అతను హల్వా డబ్బాను టేబుల్ మీద పెట్టాలా వద్దా అని ఒక్క క్షణం చూశాడు. చంకలో పెట్టుకుని దిగిపోయాడు. పావని గారు సాయంత్రం దాకా ఆ హల్వా గురించే బాధపడ్డారు.

నాకు మాత్రం ఆ రోజు వేరే ఆశ్చర్యం. పెళ్లి భోజనాల్లో ఎవరు ఏ వరసలో కూర్చోవాలో మా ఊళ్లో అందరికీ పుట్టుకతో తెలుసు. అక్షరాలకు ఆ సంగతి తెలియదు. వీటిని ఎలాగైనా నేర్చుకోవాలని నాకు గట్టిగా అనిపించింది అప్పుడే.

"నన్ను సంపేసినారేటి?"

రాజారావు గారి కంటే ముందు ఒక సంపాదకుడు ఉండేవారు. తొందర మనిషి. పేపర్లో చావు కబురు కనిపిస్తే కత్తిరించి, దాని చుట్టూ బతుకు అల్లి రాయించేవారు. ఆయన వెళ్లిపోయారు గానీ ఆ కాగితాలు మిగిలాయి. వాటిలో అప్పలనర్సమ్మ అనే ఆవిడ ఉంది. గొలుగొండ దాటాక ఒక ఊళ్లో బెల్లం వండే మనిషి. బెల్లం తెల్లగా రావడానికి అందరూ రసంలో హైడ్రోస్ మందు కలుపుతున్న రోజుల్లో, అది ముట్టుకోకుండా బెండమొక్క జిగురుతో మడ్డి తీసి వండడం చుట్టుపక్కల ఊళ్లకు నేర్పింది. అంతా వివరంగా రాసి, చివర పోయిన సంవత్సరం కూడా వేశారు.

ఇంటివాళ్లకు చదివి వినిపించడానికి రాజారావు గారు, పావని గారు, నేను ముగ్గురం బయల్దేరాం. చెరకు ఆడే రోజులు. ఊరి బయటే గానుగ, దాని పక్కన పొయ్యి, పొయ్యి మీద పెద్ద పెనం, ఆవిరి. తలకు గుడ్డ చుట్టుకున్న ఒక పెద్దావిడ పొడుగాటి తెడ్డుతో కలుపుతోంది. కింద ఒకాయన చెరకు పిప్పి పొయ్యిలోకి ఎగదోస్తున్నాడు.

"అప్పలనర్సమ్మ గారి ఇల్లెక్కడండీ?" అని పావని గారు అడిగారు.

"ఏ అప్పలనర్సమ్మ? ఈ ఊల్లో రాయేస్తే అప్పలనర్సమ్మకే తగుల్తాది."

"బెల్లం వండే ఆవిడండీ. పోయారు కదా, వాళ్ల ఇల్లు."

"బెల్లం వండీది నానే. పోయింది కోవెల ఈది అప్పలనర్సమ్మ. ఏటి, నన్ను సంపేసినారేటి?"

పిప్పి ఎగదోస్తున్నాయన, ఊరి వరసకు మరిది, నవ్వుతూ లేచాడు. "వదినా, నువ్వు పోతే మరి ఈ పాకం సూస్తన్నదెవులు? దెయ్యమేటి?"

"దెయ్యమైతే ముందు నీకే వాత పెడతాది. మంట సూడు!"

మా ప్రాంతంలో సింహాచలం దేవుడి పేరు లేని ఇల్లు ఉండదు. అప్పలనర్సమ్మ, అప్పలరాజు, అప్పలస్వామి. ఊరి పేరు, మనిషి పేరు కలిస్తే చాలని ఆ పాత సంపాదకుడు అనుకున్నారు. ఇక్కడ అది చాలదు. కొత్తగా చేరే పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

పావని గారు చేతిలో కాగితాన్ని వెనక్కి దాచుకున్నారు. రాజారావు గారు చేతులు జోడించి క్షమించమన్నారు. ఆవిడకు మాత్రం సరదాగా ఉంది. "రాసిందేదో సదవండి. పోయినాక ఏటి సెప్పుకుంతారో ఇన్నోల్లు ఎవులుంతారు? నాకే దక్కింది" అంది.

పావని గారు చదివారు. ఆవిడ తెడ్డు ఆపకుండా వింది. మధ్యలో ఒకసారి కొంచెం పాకం తీసి చల్లనీళ్ల గిన్నెలో వేసి, వేళ్ల మధ్య ఉండ చేసి చూసి, ఇంకా కాలేదన్నట్టు తల ఊపింది. చదవడం అయ్యాక మావైపు తిరిగింది.

"బాగుంది. గానీ ఇది నాది కాదమ్మా. అంతా నాను కనిపెట్టినట్టు రాసినారు. బెండమొక్క రసం మా అత్తది. మందెయ్యకూడదని పట్టుబట్టింది మా అత్త. నీళ్లలో ముద్ద ఎంత గట్టిపడాలో నా ఏళ్లు పట్టుకుని సూపించింది ఆవిడ. నన్ను తీసీండి. ఆవిణ్ని ఎయ్యండి."

"మిమ్మల్ని ఎలాగూ తీసేస్తామమ్మా, మీరు బతికున్నారు కాబట్టి" అన్నారు రాజారావు గారు.

"బతికున్నందుకు శిచ్చన్నమాట!" అని నవ్వింది.

ఆయనా నవ్వారు. "మీ అత్తగారి పద్ధతే ఇన్ని ఊళ్లకు వెళ్లిందంటే ఆవిణ్ని వేయాల్సిందే. పేరు చెప్పండి."

ఆవిడ తెడ్డు ఆగింది.

"అత్త."

"పేరమ్మా."

"ఊరంతా నాతవరపమ్మ అనీవోరు."

"అది పుట్టింటి ఊరు కదా. ఆవిడ సొంత పేరు?"

ఆవిడ మావైపు, పెనం వైపు, మళ్లీ మావైపు చూసింది. "తెల్దు బాబూ. పదిహేనేళ్ల గుంటగా వచ్చినాను. ఆవిడ పోయీదాకా ఇదే పొయ్యి కాడ ఇద్దరం. తిట్టుకున్నా అత్తా అనే తిట్టుకున్నాను. పేరడగాలని తట్టనేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆవిరికో దేనికో. "ఏలాటి కోడల్ని నాను!"

పుట్టినూరే పేరైనవాళ్లు

మా వైపు కోడలిగా వచ్చిన ఆడమనిషిని పుట్టినూరితో పిలుస్తారు. మా వీధిలో నేను ఈ రోజుకీ రోలుగుంట ఆమెనే. వినడానికి ముద్దుగా ఉంటుంది. మనిషి పోయాక పేరు కావాల్సి వస్తే మాత్రం వెతుక్కోవాలి.

పేరు లేకపోతే మా పుస్తకంలో ఏదీ మొదలవదు. ఏ అక్షరం కింద వేయాలి? అదే చిక్కు. అ సంపుటం అప్పటికే అచ్చుకు సిద్ధమవుతోంది. ఆవిడ పేరు అ మీద ఉంటే ఎప్పుడో వచ్చే అనుబంధ సంపుటం దాకా ఆగాలి. అప్పటికి చెప్పేవాళ్లు ఉండరు. అప్పలనర్సమ్మ గారికి ఇదంతా రాజారావు గారు విడమరచి చెప్పారు. ఆవిడ ఒక్కటే అడిగింది: "నాను పోయీలోగా సెప్తారా?"

ఊళ్లో అడిగాం. నాతవరపమ్మ, పెద్దమ్మ, బెల్లం మామ్మ. అంతకు మించి ఎవరికీ తెలియదు. పొలం కాగితాలన్నీ మగవాళ్ల పేర్ల మీదే. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు, అంటే అప్పలనర్సమ్మ గారి భర్త, ఆయనా పోయాడు.

నాతవరంలో పుట్టిల్లు దొరకడానికి పావని గారూ నేనూ చాలాసార్లు తిరిగాం. తాండవ కాలువ కింద వరి కోతల రోజులు, ఎవరినడిగినా పొలంలోంచి కేకేసి జవాబు చెప్పేవాళ్లు. చివరికి ఆవిడ అన్న కూతురు దేముడమ్మ దొరికింది. గట్టు మీద కూర్చుని చద్దన్నం తింటూ చెప్పింది.

"మా నాయినకి ఇద్దరు సెల్లెల్లు. నూకరత్నం, సన్యాసమ్మ. ఒకర్తిని గొలుగొండేపు ఇచ్చినారు, ఒకర్తిని తునేపు ఇచ్చినారు."

"గొలుగొండ వైపు ఇచ్చింది ఎవరిని?"

"తెల్దమ్మా. నాను పుట్టీసరికే ఇద్దరూ ఎల్లిపోనారు. వచ్చినప్పుడు ఇద్దర్నీ అత్తా అనీదాన్ని. పేర్లు మా నాయిన సెప్పగా ఇన్నాను."

తిరుగు ఆటోలో పావని గారికి ప్రాణం ఆగలేదు. "నూకరత్నమే అయి ఉంటుంది. ఆవిడ పేరే ముందు చెప్పింది కదా, పెద్దావిడ అయి ఉంటుంది" అన్నారు. ఆఫీసుకి రాగానే రాజారావు గారితోనూ అదే అన్నారు.

ఆయన కళ్లద్దాలు తీశారు. "అయి ఉంటుంది అనేది మన పుస్తకంలో రాయగలమా పావనీ? మనం అచ్చు వేస్తే ఇంకెవరూ మళ్లీ నాతవరం వెళ్లరు. అందరూ మనది చూసి ఎక్కించుకుంటారు. ఆ తునివైపు వెళ్లిన అమ్మ పేరు ఈవిడకు పడిపోతే, ఇద్దరూ పోయినట్టే."

పావని గారికి కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైందే, అన్ని ఎండల్లో తిరిగింది ఆవిడ. కానీ ఆ మాట నేను మరిచిపోలేదు. ఎవరైనా ఈ పని విలువేమిటని అడిగితే నేను చెప్పేది అదే. ఇప్పుడు పిల్లలు ఫోన్ తీసి చూపిస్తారు, అందరి సంగతీ ఇందులో దొరుకుతోంది కదా ఆంటీ అని. దొరుకుతుంది. ఫోన్లోకి వెళ్లే ముందు ఎవరో ఒకరు గట్టు మీద కూర్చుని అడిగి ఉండాలి. అడిగినవాళ్లు తెలియనిచోట తెలియదని ఆగి ఉండాలి.

మళ్లీ అప్పలనర్సమ్మ గారి దగ్గరకు వెళ్లాం. రెండు పేర్లలో ఏదో చెప్పలేకపోతున్నామని చెబితే, ఆవిడ రెంటినీ మనసులో వేసుకుని చూసినట్టు కూర్చుంది. "ఏదీ తెల్డం లేదమ్మా" అంది. కొంతసేపటికి ఉన్నట్టుండి నా మోకాలి మీద కొట్టింది.

"గుమ్మం కాడ పేర్లు సెప్పించింటారు గదా!"

మాలో కొత్త దంపతులు అత్తారింటికి వచ్చినప్పుడు పెళ్లికొడుకు చెల్లెలు గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. ఆమె పేరు అతను, అతని పేరు ఆమె పైకి చెబితేనే లోపలికి రానిస్తుంది. ఆ తర్వాత జన్మంతా ఒకరి పేరు ఒకరు ఎత్తరు.

"మా అత్త సెప్పి నవ్వీది. ఆడపడుసు పొట్టిదంట, రెండు సేతులూ సాపినా గుమ్మానికి సాల్లేదంట. ఆ పొట్టిది ఉంది! మా మావ సెల్లెలు. ఎస్. రాయవరంలో మనవడి కాడుంది. సెవుడు. బేగి ఎల్లండి, పెద్దది."

గుమ్మానికి అడ్డం నిలబడ్డ ఆవిడ

ఆ మర్నాడే వెళ్లాం. ఎస్. రాయవరంలో అరుగు మీద నులక మంచం, మంచం మీద చిన్న పిల్లంత మనిషి. మనవడి భార్య చెవి దగ్గర వంగి అరిచింది, నర్సీపట్నం నుంచి వచ్చారని.

"పింఛనోలా?"

"కాదు మామ్మా! పుస్తకం రాసేవోలు!"

"పింఛను పెంచుతారంటేటి?"

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను. పావని గారు రికార్డర్ పెట్టి, పేర్లు మనం అందించొద్దని నాకు ముందే చెప్పారు. అది కూడా నేర్చుకోవాల్సిన సంగతే. రెండు పేర్లు మనమే చెబితే ముసలివాళ్లు మర్యాదకు ఏదో ఒకదానికి తల ఊపుతారు.

"మామ్మగారూ, మీ వదిన పేరేటండీ?" అని అరిచాను.

"వదిన పేరు వదినే."

"మీ అన్న పెళ్లికి గుమ్మం కాడ ఆపింది మీరేనా?"

ఈ మాట ఎలా వినబడిందో గానీ, మళ్లీ అరవాల్సిన పని లేకపోయింది. ముడతల్లోంచి ఒక చిన్నపిల్ల పైకి వచ్చినట్టయింది.

"ఆపినాను! నాకు కొత్త పావడా కట్టినారు. ఎర్రది. మా అన్న సిగ్గుతో నోరు విప్పడే. మా అమ్మ లోపల్నుంచి కేకలు, ఎండలో ఉన్నారే ఒదిలీవే అని. నానొదల్నేదు. అప్పుడు కిందకి సూసి బేగి సెప్పేసినాడు. నాకినబడ్నేదు, మల్లీ సెప్పు అన్నాను. అందరూ నవ్వినారు. రెండోసారి గట్టిగా సెప్పినాడు. 'నూకరత్నవూ నానూ వచ్చినాం' అని."

పావని గారి చెయ్యి నా భుజం మీద పడి గట్టిగా పట్టుకుంది.

"మల్లెప్పుడూ ఆ పేరు ఆ ఇంట్లో ఇన్నేదు" అంది ముసలావిడ. "నూకరత్నం. నాకు జడేసీది." నా ముఖంలోకి చూసి, "వదిన బాగుందా?" అని అడిగింది.

ఆవిడ మనవడి భార్య ఏదో చెప్పబోయింది. నేను ముందే అరిచాను. "బాగున్నారండీ! పుస్తకంలోకి వస్తన్నారు!"

"రమ్మను" అంది, మంచం మీద కొంచెం పక్కకు జరుగుతూ.

తర్వాత జరిగింది

న సంపుటం వచ్చాక రాజారావు గారు ఒక కాపీ అప్పలనర్సమ్మ గారి ఊరికి పట్టుకెళ్లారు. అందులో నూకరత్నానికి తొమ్మిది వరసలు. పుట్టిల్లు, మెట్టినిల్లు, బెండమొక్క జిగురుతో మడ్డి తీసే పద్ధతి, మందు వాడనని పట్టుబట్టడం. చివరి వరసలో, ఈ పద్ధతిని ఆమె కోడలు అప్పలనర్సమ్మ చుట్టుపక్కల ఊళ్లకు నేర్పుతున్నది అని. బతికున్న మనిషి పేరు మా పుస్తకంలో అలా పక్క తలుపులోంచి లోపలికి వచ్చింది. రాజారావు గారే ఆ వరస రాశారు. నియమం చూసుకుని రాశారో, చూడనట్టు రాశారో నేను అడగలేదు.

వ్యవసాయం చదివే ఇద్దరు ఆడపిల్లలు ఆ తొమ్మిది వరసలు చదివి, ఊరు వెతుక్కుంటూ వెళ్లి, ఒక చెరకు ఆడే కాలమంతా అప్పలనర్సమ్మ గారి పెనం దగ్గర ఉన్నారు. ఆవిడ వాళ్లను తిట్టిపోసిందట, పాకం దగ్గర ఫోన్ చూస్తున్నారని. ఇప్పుడు ఆవిడ కూడా లేరు. అనుబంధంలో ఆవిడ కార్డు ఉంది, నేనే చూశాను. ఈసారి నిజంగా పోయారని పావని గారు స్వయంగా వెళ్లి తెలుసుకుని వచ్చి, మెట్ల మీదే కూర్చుని ఏడ్చారు.

మా పుస్తకం గొప్పదని నేను చెప్పను. ఏజెన్సీ కొండల్లో మేం వెళ్లని ఊళ్లు ఎన్నో. నాతవరపమ్మలు, రోలుగుంట ఆమెలు, మాకవరపాలెం పిన్నులు పేర్లు లేకుండానే వెళ్లిపోయారు, వెళ్తున్నారు. ఈ పనిలోకి వచ్చే పిల్లలు ముందు అడగాల్సింది అదే. ఏం చేశారని తర్వాత అడగొచ్చు. ముందు, మీ పేరేంటండీ.

ఆ సాయంత్రం, ఆ మర్నాడు

పేరు దొరికిన ఆ రోజు ఎస్. రాయవరం నుంచి తిన్నగా గొలుగొండ వైపు వెళ్లాం. పొద్దు ఇంకా ఉంది. పెనం మీద పాకం దగ్గర పడుతోంది, బుడగలు చిన్నవై దగ్గరదగ్గరగా లేస్తున్నాయి. మమ్మల్ని చూసి అప్పలనర్సమ్మ గారు తల ఎత్తారు. తెడ్డు నెమ్మదించింది.

"మీరే చెప్పండి" అని పావని గారు నన్ను ముందుకు తోశారు.

"నూకరత్నం అండీ" అన్నాను.

ఆవిడ పెనంలోకి చూస్తూ ఉండిపోయింది. తెడ్డు నిలిచిపోయింది. ఎంతసేపో తెలియదు గానీ, పొయ్యి దగ్గరాయన ఒక్క కేక పెట్టాడు. "వదినా! పాకం!"

అందరూ పట్టి పెనం దించారు. అప్పటికే రంగు మారింది. ఆవిడ చేతిలో పాకం ముదరడం తానెప్పుడూ చూడలేదని అతను అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"అత్తుంటే తిట్టీది." తర్వాత నా దగ్గరకొచ్చి, "నా నోటితో అనకూడదు గానీ, ఇంకోసారి సెప్పు" అంది.

ఇంకోసారి చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని వింది. మేం బయల్దేరుతుంటే ఆ ముదిరిన బెల్లంలోంచి ఒక చెక్క ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్న అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్లాను, తాళాలు నా దగ్గరే ఉండేవి. కిటికీ తీశాను. పావని గారి బల్ల మీద నుంచి ఒక ఖాళీ కార్డు తీసుకుని కూర్చున్నాను. అప్పటిదాకా నేను కార్డులు తుడిచాను, వరసలో పెట్టాను, ఒక్కటీ రాయలేదు. న రాశాను. దానికి కొమ్ము ఇచ్చాను, దీర్ఘం ఇచ్చాను. మిగతా అక్షరాలు ఒక్కొక్కటే పైకి అనుకుంటూ రాశాను. వరస కొంచెం పైకి ఎక్కింది. చదివి చూసుకున్నాను. ఆవిడే.

న డ్రాయర్ లాగి, నారాయుణ్ని దాటి, నీలాద్రి గారిని దాటి, ఆయన వెనకే ఆవిణ్ని నిలబెట్టాను. డ్రాయర్ మూశాను. టీకి నీళ్లు పెట్టి, ఆకు విప్పి, ఆ ముదిరిన బెల్లం రోకలితో కొట్టి మూడు గ్లాసులకు సరిపడా వేశాను. అది కరిగేలోపు చీపురు తీసుకుని గది ఊడ్చాను.